పాత్రలో నేమున్నది?

కొన్ని సంవత్సరముల క్రిందట ఒకనాడు నేను ఎనిమిదవ తరగతి విద్యార్థులకు మహాభారతము ఆదిపర్వములోని కచుని కథ చెప్పుచుంటిని. ఆ కథ మీరును వినియుందురు. దేవతలకును రాక్షసులకును యుద్ధములు జరుగుచున్న కాలమున, చనిపోయిన రాక్షసులను వారి గురువైన శుక్రాచార్యుడు మృతసంజీవని యను విద్యతో మరల బ్రతికించుచుండెను. ఆ విద్య దేవతలకు తెలియదు. దానిని నేర్చుకొని రమ్మని వారు బృహస్పతి కుమారుడగు కచుని శుక్రుని వద్దకు పంపిరి. కచుడు వినయముతో సేవచేసి గురువునకును, గురుపుత్రికయగు దేవయానికిని ప్రీతిపాత్రుడయ్యెను. రాక్షసులకు ఇది గిట్టలేదు. వారు కచుని చంపిరి, గురువు బ్రతికించెను. తుదకు వారు అతనిని చంపి, కాల్చి, ఆ బూడిదను మద్యములో కలిపి గురువుచేతనే త్రాగించిరి. అంతటి విద్వాంసుడు తన చేతిలోని పాత్రలో నేమున్నదో ఎరుగక, ప్రియశిష్యుని భస్మమును త్రాగివేసెను. పిదప నిజము తెలిసికొని, తన కడుపులో నున్న శిష్యునకు సంజీవనీవిద్య నుపదేశించెను. కచుడు గురువు ఉదరమును చీల్చుకొని వెలువడి, నేర్చిన విద్యతో గురువును బ్రతికించెను. లేచి కూర్చున్న శుక్రుడు, నాటినుండి మద్యపానము మహాపాపమని కట్టడి చేసెను.

కథ ముగియగానే వెనుక వరుసలో నున్న ఒక బాలుడు లేచి నిలువబడెను. అతడు ఎన్నడును నోరు తెరచి ప్రశ్న అడిగినవాడు కాడు.

"మాస్టారూ! శుక్రాచార్యులవారు మద్యము చెడ్డదన్నారు గదా! కాని మితముగా పుచ్చుకొనినచో గుండెకు మంచిదని పత్రికలో వ్రాసినారని మా నాన్నగారు చెప్పుచున్నారు. ఆ కాగితము కత్తిరించి దాచుకొన్నారు కూడ. ఈ రెండింటిలో ఏది నిజము?" అని అతడు అడిగెను.

తరగతిలోని పిల్లలందరు నవ్విరి. ఆ బాలుడు మాత్రము నవ్వలేదు. అతడు వాదనకై అడిగిన ప్రశ్న కాదది. ఇంటినుండి మోసికొని వచ్చిన ప్రశ్న. నేను తెలుగు పండితుడను, వైద్యుడను కాను. తెలియని దానిని తెలిసినట్లు చెప్పుట గురువునకు తగదు. "నాయనా! నీ ప్రశ్న మంచిది. తెలిసికొని చెప్పెదను" అంటిని. తెలిసికొనుటకు చాల దినములు పట్టినది. పుస్తకములు చదివితిని, వైద్యులను అడిగితిని. ఆనాడు అతనికి చెప్పినదానికి, తరువాతి సంవత్సరములలో తేలిన సంగతులను గూడ చేర్చి ఇచట మీకు చెప్పుచున్నాను.

ముందుగా పాత్రలో నేమున్నదో చూతము. కల్లు, సారా, బీరు, బ్రాందీ, విస్కీ యని పేర్లు ఎన్ని యున్నను, వీని అన్నిటిలో మత్తు కలిగించు పదార్థము ఒక్కటియే. దాని పేరు ఇథైల్ ఆల్కహాలు. తీపిగల రసములో ఈస్టు అను సూక్ష్మజీవులు చేరి, అందలి చక్కెరను తిని, ఆల్కహాలును బొగ్గుపులుసు వాయువును విడుచును. దీనినే పులియుట లేక కిణ్వనము అందురు. ఇది జీవుల పనియేయని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1857 మొదలుకొని చేసిన పరిశోధనలతో నిరూపించెను. మన ఊళ్ళలో తాటిచెట్టునుండియు ఈతచెట్టునుండియు దింపిన రసము మొదట తియ్యగా నుండును. దానిని నీరా అందురు. అందు మత్తు లేదు. ఎండ ఎక్కినకొలది కొన్ని గంటలలోనే అది పొంగి, నురగలెత్తి, పులిసి కల్లగును. తీపి ఎక్కడికి పోయినదని అడిగినచో, మత్తుగా మారినదని జవాబు.

పులిసిన ద్రవమును కాచి ఆవిరిపట్టినచో ఆల్కహాలు పాలు ఇంకను హెచ్చును. నీరు 100 డిగ్రీల వేడిలో మరుగగా, ఆల్కహాలు 78 డిగ్రీలకే ఆవిరియగును. ఆ ఆవిరిని చల్లార్చి పట్టినదే సారా. బీరులో ఆల్కహాలు నూటికి ఇంచుమించు 5 పాళ్ళు, ద్రాక్షసారాయములో 12 పాళ్ళు, బ్రాందీ విస్కీలలో 40 పాళ్ళకు మించి యుండును. 30 మిల్లీలీటర్ల విస్కీలోను, 250 మిల్లీలీటర్ల బీరులోను ఉండు ఆల్కహాలు తూకము ఒకటియే. సుమారు 10 గ్రాములు. కావున "నేను త్రాగునది బీరే గదా" అనువాడు గాజుపాత్ర పరిమాణమును చూచుచున్నాడు గాని లోపలి సరకును చూచుట లేదు.

ఇక అది దేహములో చేయు ప్రయాణము. మనము తిన్న అన్నము జీర్ణమగుటకు గంటలు పట్టును. ఆల్కహాలునకు జీర్ణము కానక్కరలేదు. కొంత కడుపునుండియు, మిక్కిలి భాగము చిన్నప్రేవునుండియు నేరుగా రక్తములో కలిసి, కొలది నిమిషములలో మెదడును చేరును. దానిని విరుగగొట్టు పని ముఖ్యముగా కాలేయముది. కాలేయము ఆల్కహాలును మొదట ఎసిటాల్డిహైడు అను పదార్థముగా మార్చును. ఇది ఆల్కహాలుకంటెను విషకరమైనది. తరువాత దానిని అపాయములేని ఎసిటేటుగా మార్చును. ఈ పనికి ఒక వేగము కలదు. గంటకు ఇంచుమించు 7 మొదలు 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే కాలేయము తొలగింపగలదు. తలపై చన్నీళ్ళు పోసినను, నిమ్మరసము త్రాగించినను, కాఫీ యిచ్చినను ఆ వేగము పెరుగదు. మత్తు దిగుటకు కాలమొక్కటే మందు.

మెదడుపై ఆల్కహాలు చేయు పనిని చూచి పలువురు మోసపోవుదురు. త్రాగినవాడు ఉత్సాహముగా మాటలాడును, పాడును. అది బలము కాదు. మనస్సును అదుపులో నుంచు భాగము ముందుగా నిద్రపోయినది. అందువలన నోటికి కళ్ళెము లేకపోయినది. పిమ్మట చిన్నమెదడు దెబ్బతిని నడక తడబడును, చూపు చెదరును. ఇంకను త్రాగినచో స్పృహ తప్పును. ఊపిరి మందగించి ప్రాణమే పోవచ్చును. మాట తడబడకముందే నిర్ణయశక్తియు చేతి చురుకుదనమును తగ్గును. అందుచేతనే మన దేశపు మోటారు వాహనముల చట్టము 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నవాడు బండి నడుపుట నేరమని విధించినది. త్రాగి నడుపువాడు తన ప్రాణముతోనే కాదు, దారినపోవు వారి ప్రాణములతో గూడ ఆటలాడుచున్నాడు.

నాళ్ళతరబడి త్రాగినచో కలుగు కీడు వేరు. కాలేయమునకు మొదట క్రొవ్వు పట్టును. ఈ దశలో మానివేసినచో అది చాలవరకు కోలుకొనును. మానకున్నచో వాచును, కామెర్లు వచ్చును. తుదకు మెత్తని కాలేయము గట్టిపడి, మచ్చలు కట్టి, సిరోసిస్ అను వ్యాధిగా మారును. కడుపులో నీరు చేరును. రక్తము కక్కుకొనుటయు కలదు. రక్తపోటు పెరుగును, గుండె లయ తప్పును, గుండె కండరము బలహీనమగును. క్లోమము వాచును. విటమిన్ బి1 కొరవడి నరములు చెడును, జ్ఞాపకశక్తి క్షీణించును. గర్భవతి త్రాగినచో గర్భములోని శిశువు మెదడునకు జీవితకాలపు లోపము కలుగవచ్చును. అన్నిటికంటె తక్కువమందికి తెలిసిన సంగతి యొకటి కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యపానమును మానవులకు క్యాన్సరు కలిగించువాని మొదటి వర్గములో చేర్చెను. పొగాకు ఏ వర్గమున నున్నదో మద్యమును ఆ వర్గముననే యున్నది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేవు, స్త్రీల రొమ్ము ఈ క్యాన్సరులకు గురియగు స్థానములు.

మన ప్రజలలో మద్యమును గూర్చి కొన్ని నమ్మకములు పాతుకొనియున్నవి. చలిలో త్రాగినచో ఒళ్ళు వెచ్చబడునందురు. చర్మములోని రక్తనాళములు విచ్చుకొనుటచే వెచ్చదనము తోచుట నిజమే. కాని ఆ వేడి దేహమునుండి బయటకు పోవుచున్న వేడి. లోపలి శరీరము చల్లబడుచుండును. వేసవిలో కల్లు చలువయందురు. ఆల్కహాలు మూత్రమును హెచ్చించి దేహములోని నీటిని పోగొట్టును. ఎండలో పనిచేయువానికి కావలసినది మజ్జిగయు మంచినీరును. కాయకష్టము చేసినవానికి ఒళ్ళునొప్పులు తీరునందురు. నొప్పి తీరలేదు, తెలియకపోయినది. నిద్రపట్టునందురు. తొందరగా కన్ను మూతపడును గాని నడిరేయి నిద్ర చెదరును. జలుబు చేసిన పసిబిడ్డకు చెంచాడు బ్రాందీ పట్టు అలవాటు కొన్ని యిండ్లలో కలదు. ఇది మిక్కిలి ప్రమాదకరము. కొంచెము ఆల్కహాలే శిశువు రక్తములోని చక్కెరను పడగొట్టి మూర్ఛ తెప్పింపవచ్చును.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తము. మితముగా త్రాగుట గుండెకు మంచిదను మాట గాలిలోనుండి పుట్టినది కాదు. దాని వెనుక చదువుకొన్నవారి పరిశోధనలే కలవు. అమెరికాలో బాల్టిమోరు నగరమందు రేమండ్ పెర్ల్ అను శాస్త్రవేత్త, మితముగా త్రాగువారు అసలు త్రాగనివారికంటె తక్కువ కాలము బ్రతుకుట లేదని 1926లో ఒక గ్రంథము ప్రకటించెను. ఫ్రాన్సు ప్రజలు వెన్న, జున్ను విస్తారముగా తినియు గుండెజబ్బులతో తక్కువగా మరణించుచున్నారనియు, వారు త్రాగు ద్రాక్షసారాయము ఇందుకు కారణము కావచ్చుననియు 1992లో సెర్జ్ రెనో అను ఫ్రెంచి శాస్త్రవేత్త లాన్సెట్ అను వైద్యపత్రికలో వ్రాసెను. రక్తములో మంచి కొలెస్టరాలు అనబడునది మద్యముచే కొంత పెరుగుటయు, రక్తము గడ్డకట్టు గుణము కొంత తగ్గుటయు పరీక్షలలో కనబడెను. ఇంకేమి! పత్రికలు ఈ మాటను పెద్ద అక్షరములతో అచ్చువేసెను. ఆ బాలుని తండ్రి కత్తిరించి దాచుకొన్న కాగితము ఇట్టిదే అయియుండును.

మరి పొరపాటు ఎక్కడ నున్నది? దీనిని మీ పాఠశాలలోని ఉదాహరణముతో చెప్పెదను. ఆటల గంటలో కొందరు మైదానమున పరుగెత్తుదురు. కొందరు చెట్టు క్రింద కూర్చుందురు. కూర్చున్నవారిలో క్రిందటి వారము జ్వరపడి లేచినవారు, కాలు బెణికినవారు గూడ ఉందురు. ఒక పరీక్షకుడు వచ్చి లెక్కలు వ్రాసి, "కూర్చున్నవారిలో నీరసము ఎక్కువ, కావున కూర్చుండుటయే నీరసమునకు కారణము" అని తేల్చినచో మీరు నవ్వరా? వారు కూర్చుండుటవలన నీరసపడలేదు, నీరసపడి కూర్చుండిరి. మద్యము విషయమునను ఇట్లే జరిగినది. "త్రాగనివారు" అను పట్టికలో, పూర్వము త్రాగి త్రాగి, రోగము వచ్చి, వైద్యుడు వలదనగా మానినవారు గూడ చేరిరి. వారి మరణములు త్రాగనివారి లెక్కలోనికి వచ్చెను. బ్రిటన్ దేశమున షేపర్ అను వైద్యుడును, ఆయన సహచరులును ఈ లోపమును 1988లోనే ఎత్తిచూపిరి. మితముగా త్రాగువారిలో పలువురు ధనవంతులు, మంచి ఆహారము తినువారు, వైద్యము అందువారు అగుటయు లెక్కలను తారుమారు చేయును.

ఈ చిక్కును విప్పుటకు శాస్త్రవేత్తలు ఒక ఉపాయము కనుగొనిరి. తూర్పు ఆసియా ప్రజలలో పలువురకు పుట్టుకతోనే ఒక జన్యువిశేషము ఉండును. వారి కాలేయము ఎసిటాల్డిహైడును త్వరగా తొలగింపలేదు. కొంచెము త్రాగినను ముఖము ఎర్రబారును, తల తిరుగును. కావున వారు సహజముగనే తక్కువ త్రాగుదురు. ఆ జన్యువు ఎవరికి వచ్చునో పుట్టుకయే నిర్ణయించును గాని ధనము, రోగము నిర్ణయింపవు. చైనాలో ఇంచుమించు 5 లక్షలమందిని పది సంవత్సరములపాటు గమనించి, వారిలో లక్షకు మించిన వారి జన్యువులను పరీక్షించి, 2019లో ఫలితములు ప్రకటించిరి. త్రాగుడు హెచ్చినకొలది రక్తపోటును పక్షవాతమును హెచ్చెను. మితముగా త్రాగినవారికి పక్షవాతమునుండి రక్షణ కలుగునను మాట నిలువలేదు.

ఇంకను కొందరు విద్వాంసులు, నడివయస్సు దాటినవారికి అతి స్వల్పమైన మోతాదు గుండె విషయమున కొంత మేలు చేయవచ్చునని తలంచుచున్నారు. 2022లో వెలువడిన ఒక ప్రపంచవ్యాప్త పరిశీలన అట్టి అవకాశమును కాదనలేదు. కాని ఆ పరిశీలనయే 15 మొదలు 39 సంవత్సరముల వయస్సువారికి మద్యమువలన మేలు ఏమియు లేదు, కీడే కలదు అని చెప్పెను. గుండెకు చిన్న మేలు కలిగెననియే అనుకొందము. అదే గ్రుక్క గొంతునకును కాలేయమునకును క్యాన్సరు భయమును తెచ్చుచున్నది గదా! ఒక ద్వారమునకు తాళము వేసి మరియొక ద్వారము తెరచి పెట్టిన యింటికి రక్షణ యెక్కడిది? ఆరోగ్యమునకు హానిచేయని మద్యపు మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టముగా ప్రకటించెను. గుండె మేలు కోరువానికి నడక, కాయగూరలు, ఉప్పు తగ్గించుట, పొగాకు మానుట అను మార్గములు ఉండనే యున్నవి. ద్రాక్షలోని సుగుణము కావలసినవాడు ద్రాక్షపండ్లే తినవచ్చును.

అట్లయిన ఆల్కహాలునందు మంచియే లేదా? కలదు, మిక్కిలిగా కలదు. కాని అది దేహమునకు వెలుపల నున్నది. నూటికి 70 పాళ్ళు ఆల్కహాలు కలిసిన నీరు సూక్ష్మక్రిములను చంపును. సూదిమందు ఇచ్చుటకు ముందు నర్సు చర్మమును తుడుచునది దానితోనే. శుద్ధమైన ఆల్కహాలుకంటె నీరు కలిసినదే క్రిములలోనికి బాగుగా చొచ్చుకొనిపోవుట ఒక వింత. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు, మద్యము తయారుచేయు కర్మాగారములే చేతులకు రాచుకొను శానిటైజరును తయారుచేసి యిచ్చెను. ఔషధములను కరిగించుటకు, సుగంధద్రవ్యములకు, రంగులకు, ప్రయోగశాలలోని దీపమునకు ఆల్కహాలు కావలయును. చెరకునుండియు ధాన్యమునుండియు తీసిన ఇథనాలును మన దేశమున పెట్రోలులో కలిపి బండ్లు నడుపుచున్నారు. నిప్పువలె ఇదియు మంచి సేవకుడే. పొయ్యిలో ఉండవలసినది కొంగున కట్టుకొనరాదు.

పాత్రలో ఆల్కహాలు మాత్రమే యుండునను నమ్మకమును లేదు. దొంగచాటుగా కాచిన సారాలో మిథైల్ ఆల్కహాలు అను మరియొక ద్రవము కలిసిన సందర్భములు కలవు. రంగునకు, వాసనకు రెండును ఒకటిగనే తోచును. కాని కాలేయము దీనిని ఫార్మిక్ ఆమ్లముగా మార్చును. అది కంటి నరమును కాల్చివేయును. చూపు పోవును, పిదప ప్రాణము పోవును. 2024 జూన్ నెలలో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో ఇట్టి సారా త్రాగి 60 మందికి పైగా మరణించిరి. మత్తు కొరకు క్లోరల్ హైడ్రేటు వంటి మందులు కలిపిన కల్తీకల్లును తెలంగాణ పల్లెలలో పెక్కుమందిని మంచము పట్టించినది. శుక్రాచార్యునకు పాత్రలో నేమున్నదో తెలియలేదు. ఈ కూలివారికిని తెలియలేదు.

త్రాగుడు త్రాగినవాని దేహముతోనే ఆగదు. కూలి డబ్బు అంగడిలో మిగిలిపోవును. ఇంటిలో పొయ్యి వెలుగదు. ఈ బాధను మొదట గట్టిగా చెప్పినవారు పురుషులు కారు, పండితులు కారు. నెల్లూరు జిల్లా పల్లెటూళ్ళ స్త్రీలు. 1990 తరువాత ఆ జిల్లాలో వయోజన విద్యా ఉద్యమము సాగెను. పగలంతయు పొలములో పనిచేసిన స్త్రీలు రాత్రి లాంతరు వెలుగున పలకపట్టి అక్షరములు దిద్దిరి. వారి వాచకములో సారావలన ఒక యిల్లాలు పడిన కష్టమును చెప్పు పాఠము ఉండెను. ఆ పాఠము తమ కథయేయని వారు గుర్తించిరి. దూబగుంట అను గ్రామపు స్త్రీలు తమ ఊరికి సారా రాకుండ అడ్డుకొనిరి. వారి ముందు నిలిచినవారిలో వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతట తెలిసినది. 1992లో ఆ ఉద్యమము జిల్లా దాటి రాష్ట్రమంతట వ్యాపించెను. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995 జనవరిలో మద్యపాన నిషేధము అమలులోనికి వచ్చెను. ఆ నిషేధము 1997లో సడలింపబడినది. చట్టములు వచ్చును, పోవును. మన రాజ్యాంగము 47వ అధికరణమున, ఔషధమునకు తప్ప మత్తుపానీయముల వాడుకను నిషేధించుటకు ప్రభుత్వము ప్రయత్నింపవలెనని నిర్దేశించినది. అది ఎట్లున్నను, ఒక వాచకములోని ఒక చిన్న పాఠము రాష్ట్రమును కదిలించుటకు సాయపడెనను సంగతిని వాచకము చేతబట్టిన మీరు మరువరాదు.

బాలబాలికలారా! మీ వయస్సున ఈ సంగతి మరింత ముఖ్యము. మనుష్యుని మెదడు ఇంచుమించు 25 సంవత్సరముల వరకు పెరుగుచు, కుదురుకొనుచు ఉండును. పెరుగుచున్న మెదడుపై మద్యపు దెబ్బ గట్టిగా తగులును. చిన్నతనమున మొదలుపెట్టినవారే ఎక్కువగా దానికి బానిసలగుదురు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను 21 సంవత్సరములు నిండనివారికి మద్యము అమ్మరాదని చట్టము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2019లో మద్యమువలన 26 లక్షలమంది మరణించిరి. పెళ్ళిపందిటిలోనో, పండుగనాడో "ఒక్క గ్రుక్కయే గదా, మగవాడవు కావా?" అని ఎవడో ఒకడు మిమ్ములను అడుగును. వలదని చెప్పి నవ్వుచు లేచి వచ్చుటకే ఎక్కువ ధైర్యము కావలయును.

నాటి బాలుడు నేను చెప్పినదంతయు తన నోటుపుస్తకములో వ్రాసికొనెను. కొన్ని వారములు గడచినవి. ఒక సాయంకాలము బడి విడిచిన పిమ్మట అతని తండ్రి వచ్చి వరండాలో చాలసేపు నిలువబడెను. "మాస్టరుగారూ! మావాని పుస్తకము చదివితిని. మానవలెననియే ఉన్నది. రెండుమారులు మానితిని. మానిన మరునాటికి చేతులు వణకును, చెమటలు పట్టును, లేనివి కనబడును. మరల త్రాగిన గాని తగ్గదు. నేను చెడ్డవాడనా?" అని అడిగెను.

నేను వైద్యులనుండి తెలిసికొన్నదే అతనికి చెప్పితిని. దీర్ఘకాలము త్రాగినవారి మెదడు మద్యమునకు అలవాటుపడును. అట్టివారు ఒక్కసారిగా ఆపినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము కూడ రావచ్చును. ఇది చెడ్డతనము కాదు, వ్యాధి. వ్యాధికి తిట్లు మందు కావు. వైద్యుని పర్యవేక్షణలో, మందుల సాయముతో మానవలెను. మానినవారు ఒకరికొకరు తోడై నిలుచుటకు ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము 1935లో అమెరికాలో పుట్టినది. మన నగరములలోను అట్టి సమావేశములు జరుగుచున్నవి. మరునాడు అతనిని జిల్లా కేంద్రములోని ఆసుపత్రికి తీసికొనిపోయితిని. ఆ పని ఒక్కనాటితో ముగియలేదు. ఆరు నెలలకు ఒకసారి అతడు తప్పి మరల త్రాగెను. సిగ్గుపడి మరల ఆసుపత్రికి వెళ్ళెను. ఆ తరువాత త్రాగలేదు. దాచుకొన్న పత్రిక ముక్క ఏమైనదని నేను అడుగలేదు.

ఆ సంవత్సరము చివర పరీక్షలో కచుని కథను గూర్చి వ్రాయుమని ప్రశ్న యిచ్చితిని. ఆ బాలుడు కథయంతయు వ్రాసి, తుదిని తనమాటగా ఒక వాక్యము చేర్చెను: "శుక్రాచార్యులవారు త్రాగకముందే పాత్రలో నేమున్నదని అడిగియుండవలసినది." ఆ వాక్యమునకు మార్కులు లేవు. అయినను నేను దాని క్రింద ఎర్రసిరాతో గీత గీసితిని.

ప్రశ్నలు

1. నీరా కల్లుగా మారుటకు కారణమేమి? సారాలో ఆల్కహాలు పాలు ఎందుచేత హెచ్చును?

2. మత్తు దిగుటకు కాలమొక్కటే మందని రచయిత యేల చెప్పెను?

3. మితముగా త్రాగుట గుండెకు మంచిదను అభిప్రాయము ఎట్లు ఏర్పడెను? అందలి లోపమును ఆటల గంట ఉదాహరణముతో వివరింపుడు.

4. ఆల్కహాలు వలని ఉపయోగములను పేర్కొనుడు. అవి దేహమునకు వెలుపల నున్నవనుటలో భావమేమి?

5. దూబగుంట స్త్రీల ఉద్యమమునకును చదువునకును గల సంబంధమెట్టిది?

6. మీ ఊరిలో మద్యమును గూర్చి ప్రజలకు గల నమ్మకములను మూడింటిని వ్రాసి, వానిలోని నిజానిజములను చర్చింపుడు.